చేతులు మారే స్ప్రింగులు

చిన్న కార్లకు వేసే లోయరింగ్ స్ప్రింగులను సెకండ్ హ్యాండ్‌లో అమ్మేవాళ్ళు ముందుగా చెప్పే మాట ఒకటుంది: "ఎక్కువ తిరగలేదండీ, ఎనిమిది వేల కిలోమీటర్లే." కొనేవాళ్ళు మొదట అడిగేదీ అదే. టైరో బ్రేకు ప్యాడో కొంటున్నప్పుడు ఆ ప్రశ్న సరైనదే. అవి అరిగిపోయే వస్తువులు. స్ప్రింగు అలా అరగదు. లక్ష కిలోమీటర్లు తిరిగిన స్ప్రింగు నిక్షేపంగా ఉండవచ్చు. రెండు వేలు మాత్రమే తిరిగిన స్ప్రింగు నేడో రేపో విరగడానికి సిద్ధంగా ఉండవచ్చు. ఈ తేడా ఎక్కడుందో తెలియాలంటే ఆ ఉక్కు చుట్టలో ఏం జరుగుతుందో కాస్త ఓపికగా చూడాలి.

లోయరింగ్ స్ప్రింగు అంటే కంపెనీ స్ప్రింగు తీసేసి దాని చోట పెట్టే పొట్టి, గట్టి స్ప్రింగు. టైరుకూ పైనున్న ఫెండర్ అంచుకూ మధ్య ఖాళీ తగ్గి కారు నేలకు దగ్గరగా కనిపిస్తుంది. మలుపుల్లో ఒరగడం తగ్గుతుంది. మన దగ్గర ఈ ముచ్చట తీర్చుకునేవాళ్ళ కార్లలో 2005లో వచ్చిన మారుతీ స్విఫ్ట్, పుణె దగ్గరి చాకణ్‌లో తయారై 2010 నుంచి 2022 దాకా అమ్ముడైన ఫోక్స్‌వ్యాగన్ పోలో తప్పకుండా ఉంటాయి. కొన్నాళ్ళకు ఆ స్ప్రింగులు మళ్ళీ బయటికి రావడానికి కారణాలు కూడా తెలిసినవే. ఇంట్లో పెద్దవాళ్ళకు నడుం నొప్పి వస్తుంది, కాలనీ స్పీడ్ బ్రేకర్లకు బండి అడుగు రాసుకుంటుంది, కారు అమ్మబోతే కొనేవాళ్ళు కంపెనీ స్ప్రింగులే కావాలని పట్టుబడతారు. తీసిన నాలుగూ అటకెక్కుతాయి. ఏడాదికో రెండేళ్ళకో ఎవరో కుర్రవాడు వాటిని కొనుక్కుపోతాడు.

స్ప్రింగును పైనుంచి నొక్కితే అది పొట్టిదవుతుంది. చూసేవాళ్ళకు తీగ వంగుతున్నట్టు అనిపిస్తుంది గాని, నిజానికి అది మెలిపడుతుంది. తడిబట్టను పిండేటప్పుడు రెండు చేతులూ ఎదురెదురుగా తిరిగినట్టు, తీగలోని ప్రతి ముక్కా తన పక్క ముక్కతో పోలిస్తే కొద్దిగా తిరుగుతుంది. చుట్టిన తీగ పొడవునా ఈ చిన్న చిన్న మెలికలన్నీ కలిసి స్ప్రింగు కుదింపుగా మనకు కనిపిస్తాయి. అందుకే స్ప్రింగు గట్టిదనాన్ని నిర్ణయించేవి నాలుగే: తీగ మందం, చుట్టు వ్యాసం, పనిచేసే చుట్ల సంఖ్య, మెలికను ఉక్కు ఎంత ఎదిరిస్తుందో చెప్పే దృఢతా గుణకం. వీటిలో తీగ మందానిది అన్నిటికన్నా పెద్ద చెయ్యి. గట్టిదనం దాని నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. చుట్టు వ్యాసం పెరిగితే మూడో ఘాతాన్ని బట్టి తగ్గుతుంది. చుట్లు ఎక్కువైతే ఆ మేరకు మెత్తబడుతుంది.

ఒక లెక్క చూద్దాం. తీగ మందం 12 మి.మీ., చుట్టు సగటు వ్యాసం 140 మి.మీ., పనిచేసే చుట్లు 4 అనుకుందాం. చిన్న కారు ముందు చక్రాలకు ఇవి అతకని కొలతలేమీ కావు. ఉక్కు దృఢతా గుణకం చదరపు మిల్లీమీటరుకు సుమారు 79,000 న్యూటన్లు. లెక్క కడితే ఈ స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి దాదాపు 18.7 న్యూటన్లు, అంటే 1.9 కిలోల బరువు కావాలి. దాని మీద 300 కిలోలు కూర్చుంటే 158 మి.మీ. కుదించుకుపోతుంది. ఇప్పుడు తీగ మందం అర మిల్లీమీటరు పెంచి 12.5 చేయండి. గట్టిదనం దాదాపు 18 శాతం పెరిగి 22 న్యూటన్లకు చేరుతుంది. కంటికి ఆనని అర మిల్లీమీటరు బండి నడకనే మార్చేస్తుంది. పాత స్ప్రింగు కొనేవాళ్ళు వెంట ఒక వెర్నియర్ కాలిపర్ తీసుకెళ్ళమని నేను చెప్పేది ఇందుకే. పెయింట్ మందం కొంత కలుస్తుంది, అది తీసేసి లెక్క వేసుకోవాలి.

బలానికి తగినంత సాగుదల ఉంటుందన్న సూత్రం రాబర్ట్ హుక్‌ది. 1676లో ఆయన దీన్ని అక్షరాలు తారుమారు చేసి గూఢంగా అచ్చువేయించాడు. అసలు వాక్యాన్ని రెండేళ్ళ తర్వాత, 1678లో విప్పి చెప్పాడు. గడియారాల స్ప్రింగుల మీద హక్కు కోసం పోటీ నడుస్తున్న కాలమది. మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా కారు స్ప్రింగు ఆ సూత్రం దాటి పోలేదు.

పాత సామాను కొనేవాళ్ళకు పనికొచ్చే సంగతి ఈ లెక్కలోనే ఉంది. నాలుగు అంశాల్లో కాలంతో మారేది ఏది? మందం మారదు. వ్యాసం, చుట్లు మారవు. దృఢతా గుణకం కూడా మారదు. అది ఎంత స్థిరమైనదంటే, వీధి చివర వెల్డింగ్ షాపులో దొరికే మామూలు ఇనుప కడ్డీకీ, ప్రత్యేకంగా గట్టిపరచిన స్ప్రింగు ఉక్కుకూ అది దాదాపు ఒకటే. కాబట్టి "వాడి వాడి స్ప్రింగు మెత్తబడిపోయింది" అన్నది ఎంత విరివిగా వినిపించినా తప్పు మాట. కారు ఊగుతుంటే అది చాలాసార్లు షాక్ అబ్జార్బర్‌లో ఆయిలు కారిపోయిన లక్షణం. ఆ నింద స్ప్రింగు మీద పడుతోంది.

స్ప్రింగులో కాలంతో మారేవి రెండు. మొదటిది ఎత్తు. ఏళ్ళ తరబడి బరువు కింద ఉన్న స్ప్రింగు కొద్దిగా కుంగి, బరువు తీసేసినా మొదటి పొడవుకు పూర్తిగా రాదు. మంచి తయారీదారులు దీన్ని ముందే ఊహించి, ఫ్యాక్టరీలోనే స్ప్రింగును చుట్లు ఒకదానికొకటి తగిలేదాకా నొక్కి వదులుతారు. కుంగాల్సినదంతా అక్కడే కుంగిపోతుంది. ఆ తర్వాత వాడకంలో పెద్దగా దిగదు. చదునైన నేల మీద ఎడమ, కుడి స్ప్రింగులను పక్కపక్కనే నిలబెట్టి ఎత్తు కొలిస్తే చాలు, తేడా తెలుస్తుంది. ఒకే నంబరు ముద్రించి ఉన్న జతలో తేడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే ఆ జతను వదిలేయడం మంచిది.

రెండోది, నా దృష్టిలో అసలైనది, తీగ పైపొర. మెలిపడే తీగలో ఒత్తిడి అంతటా ఒకేలా ఉండదు. తీగ మధ్యలో దాదాపు సున్నా. బయటికి వచ్చేకొద్దీ పెరుగుతూ ఉపరితలం మీద గరిష్ఠమవుతుంది. అందులోనూ చుట్టు లోపలివైపు, అంటే స్ప్రింగు బోలులోకి చూసే వైపు మరీ ఎక్కువ. ఈ అదనాన్ని లెక్కించే గుణకాన్ని వెస్టింగ్‌హౌస్ ఇంజనీరు వాల్ 1929లో ఇచ్చాడు. ఇంజనీర్లు నేటికీ దాన్నే వాడుతున్నారు. మన ఉదాహరణ స్ప్రింగులో అది 12 శాతం దాకా వస్తుంది. కారు ఊరకే నిలబడి ఉన్నప్పుడే తీగ లోపలివైపు చదరపు మిల్లీమీటరుకు 680 న్యూటన్ల ఒత్తిడి ఉంటుంది. గుంతలో పడితే ఇంకా పెరుగుతుంది. మామూలు నిర్మాణ ఉక్కు దీన్ని భరించలేదు. సిలికాన్, క్రోమియం కలిపిన ప్రత్యేక ఉక్కును గట్టిపరచి వాడేది అందుకే.

అంత గట్టి ఉక్కుకు ఒక బలహీనత ఉంది. చిన్న గీతను కూడా సహించదు. గీత అడుగున ఒత్తిడి పోగుపడి పగులు మొదలవుతుంది. కారు గుంతల్లో ఎగిరిపడే ప్రతిసారీ ఆ పగులు కొంచెం కొంచెం పాకుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ ఇంజనీరు రైలు ఇరుసుల మీద ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి దీన్ని రుజువు చేశాడు. ఒక్కసారి వేస్తే ఏమీ చేయని బరువు లక్షలసార్లు వేస్తే ఇరుసును విరిచేస్తుందని చూపించాడు.

పగులును మొదట్లోనే అడ్డుకోవడానికి స్ప్రింగు తయారీలో ఒక అందమైన ఉపాయం చేస్తారు. దాని పేరు షాట్ పీనింగ్. సన్నటి ఉక్కు గుండ్లను వేగంగా స్ప్రింగు మీదికి వర్షంలా కొడతారు. ఒక్కో గుండు ఉపరితలం మీద సూక్ష్మమైన సొట్ట చేస్తుంది. ఆ దెబ్బలకు పైపొర పక్కలకు సాగబోతుంది, కింది లోహం సాగనివ్వదు. ఫలితంగా పైపొర ఎప్పుడూ లోపలికి నొక్కుకుని ఉంటుంది. అలా నొక్కుకుని ఉన్న పొరలో పగులు నోరు తెరవలేదు. ఈ పద్ధతికి శాస్త్రీయమైన కొలత ఇచ్చినవాడు జనరల్ మోటార్స్‌లో పనిచేసిన జాన్ ఆల్మెన్. గుండ్ల దెబ్బ ఎంత పడిందో సన్నటి ఉక్కు పట్టీ వంపును బట్టి కొలిచే ఆయన పద్ధతి ఇప్పటికీ ఫ్యాక్టరీల్లో నడుస్తోంది.

అయితే ఆ రక్షణ పొర లోతు చాలా తక్కువ. మిల్లీమీటరులో సుమారు పావు వంతు. అంటే స్ప్రింగు విప్పేటప్పుడు దాన్ని నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ కొక్కెం జారి అర మిల్లీమీటరు లోతు గీత గీసిందనుకోండి, ఫ్యాక్టరీ ఇచ్చిన రక్షణను ఆ చోట అది పూర్తిగా దాటేసింది. ఆ స్ప్రింగు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న దానికి ఇక విలువ లేదు. వాడిన స్ప్రింగుకు అత్యంత ప్రమాదకరమైన రోజు రోడ్డు మీద గడిపిన రోజు కాకపోవచ్చు. గ్యారేజీలో విప్పిన రోజే అయి ఉండవచ్చు.

తుప్పు చేసేదీ ఇదే పని, నెమ్మదిగా చేస్తుంది. కారు స్ప్రింగులు తరచుగా విరిగేది అడుగు చుట్టు దగ్గర. అక్కడ స్ప్రింగు ఒక గిన్నెలాంటి పీట మీద కూర్చుంటుంది. వాన నీరు, బురద, ఇసుక ఆ పీటలో చేరతాయి. చుట్టు కదిలినప్పుడల్లా ఇసుక రేణువులు పెయింటును గీరుతాయి. పెయింటు పోయిన చోట తుప్పు పట్టి చిన్న గుంట పడుతుంది. గుంట అడుగున పగులు పుడుతుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్ళలో ఉప్పుగాలి దీన్ని ఇంకా త్వరపెడుతుంది. మెకానిక్కులు కొందరు తుప్పు పోవాలని యాసిడ్‌తో కడుగుతారు. ఇంత గట్టి ఉక్కుకు అది విషమే. యాసిడ్ చర్యలో పుట్టే హైడ్రోజన్ లోహంలోకి చొరబడి దాన్ని పెళుసుగా చేస్తుంది. పైకి తళతళలాడే స్ప్రింగు లోపల చెడిపోయి ఉంటుంది.

విరిగిన స్ప్రింగు ముక్క ఎప్పుడైనా చేతికి దొరికితే దాని ముఖాన్ని వెలుతురులో తిప్పి చూడండి. తీగకు అడ్డంగా నున్నగా తెగినట్టు ఉండదు, దాదాపు 45 డిగ్రీల వాలులో మెలిక తిరిగి ఉంటుంది. తీగ మెలిపడుతూ పనిచేసిందనడానికి అది సాక్ష్యం. ఒక అంచున బొటనవేలి గోరు ఆకారంలో చిన్న మరక కనిపిస్తుంది, నల్లగానో గోధుమ రంగులోనో. అక్కడ ఉపరితలం నున్నగా ఉంటుంది. మిగిలిన ముఖమంతా గరుకుగా, బూడిద రంగులో మెరుస్తుంటుంది. నల్లటి భాగం నెలల తరబడి తెరుచుకుని నీళ్ళు తాగిన పగులు. మెరిసే భాగం ఒక్క క్షణంలో విరిగింది. పన్నెండు మిల్లీమీటర్ల తీగలో గోరంత మరకే మొత్తం కథ నడిపింది.

ఇది తెలిశాక కొత్తగా పెయింట్ వేసిన పాత స్ప్రింగును చూస్తే నాకు అనుమానమే వస్తుంది. ఫ్యాక్టరీ పూత పోయి, గుంటలు పడి, వాటి మీద స్ప్రే కొడితే ఫోటోలో కొత్తదానిలాగే ఉంటుంది. నంబరు కూడా ఆ పెయింటు కిందే పోతుంది. నిజాయితీగా అమ్మదలచినవాళ్ళు చేయాల్సింది దీనికి నేరుగా వ్యతిరేకం. సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, పెయింటు ముట్టుకోకుండా చూపించాలి. కొనేవాళ్ళు టార్చి వేసి ముందుగా చుట్టు లోపలివైపు చూడాలి, తర్వాత రెండు చివర్లలో మొదటి చుట్టు. ఒక పాత నూలుగుడ్డను తీగ వెంట లాగితే గీత ఉన్న చోట దారం పట్టుకుంటుంది. ఇంకా అనుమానం తీరకపోతే వెల్డింగు పరీక్షలకు వాడే ఎర్ర డై, తెల్ల డెవలపర్ స్ప్రేలు ఉన్నాయి. పూత లేచిపోయి లోహం బయటపడ్డ చోట శుభ్రం చేసి ఎర్ర డై కొట్టి, కాసేపాగి తుడిచి, తెల్లది కొడితే పగులు ఎర్రటి గీతలా బయటపడుతుంది.

మన ఊళ్ళలో ఇంకో బెడద కూడా ఉంది. కంపెనీ స్ప్రింగును ఒక చుట్టు కోసేసి, ఎర్ర రంగు వేసి, లోయరింగ్ స్ప్రింగని అమ్మడం. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుందన్నది నిజమే. నాలుగు చుట్లను మూడున్నర చేస్తే 14 శాతం గట్టిపడుతుంది. కానీ చివర సరిగా పీటలో కూర్చోదు, బరువంతా ఒక్క చోటే పడుతుంది. గ్యాస్ కట్టర్‌తో కోస్తే ఆ వేడికి పక్కనున్న ఉక్కు బలం తగ్గిపోతుంది. ఈ ఉక్కును సుమారు 400 డిగ్రీల దగ్గర పదును పెడతారు. అంతకు మించి వేడెక్కిన చోట ఆ పదును ఉండదు. కోయకుండా గ్యాస్‌తో కాల్చి కుంగదీసే పద్ధతి ఇంకా ఘోరం. కాల్చినా దృఢతా గుణకం మారదు కాబట్టి మొదట్లో బండి బాగానే నడుస్తుంది. తర్వాత రోజురోజుకూ కుంగిపోతూ ఉంటుంది. స్ప్రింగు చివర కోత చూడండి. ఫ్యాక్టరీ కోత మీద పూత ఉంటుంది. తర్వాత కోసిన చోట గ్రైండర్ గీతలో, కాలిన నీలం రంగో కనిపిస్తాయి.

అసలు లోయరింగ్ స్ప్రింగుకు చుట్లు తగ్గించడం ఒక్కటే చాలకపోవడానికి కారణముంది. మన ఉదాహరణలోని కారును 30 మి.మీ. దించి, గట్టిదనం 24 న్యూటన్లకు పెంచామనుకోండి. అదే 300 కిలోలకు కొత్త స్ప్రింగు 123 మి.మీ. మాత్రమే కుదించుకుంటుంది, పాతది 158. కాబట్టి కొత్త స్ప్రింగు స్వేచ్ఛగా ఉన్నప్పుడు పాతదానికన్నా 65 మి.మీ. పొట్టిగా ఉండాలి. జాక్ పెట్టి కారు లేపితే చక్రం కిందికి వేలాడుతుంది. మొదటి ఎత్తు నుంచి అది 100 మి.మీ. దిగుతుందనుకుంటే, దించిన ఎత్తు నుంచి 130 దిగుతుంది. స్ప్రింగుకు ఉన్న కుదింపు 123 మాత్రమే. ఏడు మిల్లీమీటర్ల ఖాళీ వచ్చి స్ప్రింగు పీటలో వదులైపోతుంది. గతుకుల రోడ్డు మీద టపటపమంటుంది, పక్కకు జరగవచ్చు కూడా. ఇది రాకుండా మంచి తయారీదారులు ఒక చివర రెండు మూడు చుట్లను దగ్గరదగ్గరగా, మెత్తగా చుడతారు. కారు నేల మీద ఉన్నప్పుడు అవి అతుక్కుని పడుంటాయి, చక్రం వేలాడినప్పుడు తెరుచుకుని స్ప్రింగును పట్టి ఉంచుతాయి. ఆ దగ్గరి చుట్లను చూసి "ఇది కుంగిపోయింది" అనుకుని బేరమాడేవాళ్ళున్నారు. అది లోపం కాదు, పనితనం.

ఈ పనితనానికి పేరుపడ్డ రెండు జర్మన్ సంస్థలు పక్కపక్క ఊళ్ళలోనే ఉన్నాయి. 1951లో మొదలైన ఐబాక్‌ది ఫిన్నెన్‌ట్రాప్. హెచ్ అండ్ ఆర్‌ది లెన్నెస్టాట్. రెండూ ఓల్పె జిల్లాలోనివే. ఆ దేశంలో వాడిన స్ప్రింగులు అమ్మేటప్పుడు ఉక్కుతో పాటు ఒక కాగితం కూడా చేతులు మారుతుంది. ఏ మోడల్, ఏ ఇంజను, ముందు ఇరుసు మీద ఎన్ని కిలోల దాకా సరిపోతుంది అన్నవన్నీ ఉన్న పరీక్షా నివేదిక అది. స్ప్రింగు మీద ముద్రించిన నంబరు కాగితంలోని నంబరుతో కలవాలి. తనిఖీ అధికారి టార్చి వేసి ఆ నంబరే వెతుకుతాడు. నంబరు చెరిగిపోయిన స్ప్రింగును అక్కడ అమ్మడం కష్టం.

ఇరుసు బరువు అంత ముఖ్యమా అంటే, ముఖ్యమే. ఒకే పేరున్న కారులో డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజనుకన్నా బరువు. ముందు చక్రం ఒక్కోదాని మీద 30 కిలోలు అదనంగా పడిందనుకున్నా, 24 న్యూటన్ల స్ప్రింగు మరో 12 మి.మీ. దిగుతుంది. పెట్రోలు కారు కోసం 30 మి.మీ. దించేలా చేసిన స్ప్రింగు డీజిల్ కారును ముందువైపు మొత్తం 42 దించుతుంది. వెనక మాత్రం 30 దగ్గరే ఆగుతుంది. కారు ముక్కు కిందికి వేసుకుని నిలబడుతుంది. "పోలోకి సరిపోతాయండీ" అన్న మాట చాలదు. ఏ పోలో, ఏ ఇంజను, ఏ ఏడాది అని అడగాల్సిందే.

ఇప్పుడు మలుపుల సంగతి. కారు దిగితే గురుత్వ కేంద్రం దిగుతుంది, అందువల్ల పట్టు పెరుగుతుందని అందరూ చెబుతారు. ఎంత పెరుగుతుందో లెక్క వేద్దాం. 1,100 కిలోల కారు, గురుత్వ కేంద్రం నేల నుంచి ఉజ్జాయింపుగా 540 మి.మీ., చక్రాల మధ్య వెడల్పు 1,460 మి.మీ. గురుత్వ త్వరణంలో సగం త్వరణంతో మలుపు తిరిగితే లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు 203 కిలోల బరువు మారుతుంది. 30 మి.మీ. దించాక 192 కిలోలు మారుతుంది. తేడా పదకొండు కిలోలే. డ్రైవరుకు తెలిసే మార్పు ఎక్కువగా గట్టిదనం నుంచి వస్తుంది, ఎత్తు నుంచి కాదు.

ఇందులో ఒక ఇబ్బంది కూడా దాగి ఉంది. ఈ కార్ల ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్. 1940లలో ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించగా, ఫోర్డ్ కార్లతో ప్రపంచమంతా పాకిన పద్ధతి. చిన్న కారుకు చవకగా, చోటు తక్కువ తీసుకుంటూ బాగా పనిచేస్తుంది. కానీ కారును దించినప్పుడు కింది ఆర్మ్ బయటి కొస పైకి లేచి, రోల్ సెంటర్ అనే ఊహాబిందువు గురుత్వ కేంద్రంకన్నా వేగంగా కిందికి జారిపోతుంది. కారు ఒరిగేది ఆ రెండింటి మధ్య దూరాన్ని బట్టి. దించినకొద్దీ ఆ దూరం పెరుగుతుంది. అంటే గట్టిదనం పెంచకుండా ఎత్తు మాత్రమే తగ్గిస్తే కారు ఎక్కువగా ఒరుగుతుంది! కాల్చి కుంగదీసిన స్ప్రింగులతో జరిగేది అదే.

షాక్ అబ్జార్బర్ సంగతి కూడా మరవకూడదు. 18.7 న్యూటన్ల స్ప్రింగు మీద కారు సెకనుకు 1.26 సార్లు ఊగే స్వభావంతో ఉంటుంది. 24 న్యూటన్ల మీద అది 1.42 అవుతుంది. కంపెనీ షాక్ అబ్జార్బర్‌ను మొదటి స్ప్రింగుకు తగ్గట్టు చేశారు కాబట్టి, కొత్త స్ప్రింగు ముందు దాని అదుపు 12 శాతం మేర తగ్గినట్టే. కొత్త షాక్ అబ్జార్బర్ ఆ మాత్రం సర్దుకుంటుంది. 80 వేల కిలోమీటర్లు తిరిగి ఆయిలు కారుతున్నది సర్దుకోలేదు. స్ప్రింగులకు డబ్బు పెట్టి షాక్ అబ్జార్బర్ల దగ్గర పొదుపు చేస్తే వచ్చే ఫలితం గెంతే కారు. బిగించిన తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. చేయించకపోతే కొత్త టైర్లు కూడా లోపలి అంచు నుంచి త్వరగా అరిగిపోతాయి.

మన రోడ్ల మీద దించిన కారు నడుస్తుందా అన్న ప్రశ్నకూ లెక్కలో జవాబుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో సిఫారసు చేసిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రటి వంపు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి తగినది. స్విఫ్ట్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం సుమారు 2.45 మీటర్లు. అంత పొడవులో ఆ వంపు పైకి లేచేది 44 మి.మీ. మాత్రమే. కారు అడుగున ఖాళీ 165 మి.మీ. అనుకుంటే, స్ప్రింగులు 30 తగ్గిస్తాయి, నలుగురు ఎక్కితే ఇంకో 30 పోతుంది, మిగిలేది 105. వంపు 44. అంటే నిబంధన ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్‌ను దించిన కారు నలుగురితో కూడా హాయిగా దాటేస్తుంది. మన కాలనీల్లో ఇళ్ళవాళ్ళు సిమెంటు పోసి కట్టేవి అలాంటివి కావు. ఒక అడుగు వెడల్పు, అయిదంగుళాల ఎత్తు. అయిదంగుళాలంటే 127 మి.మీ. అదంతా చక్రాల మధ్యకు వచ్చేస్తుంది. అక్కడ రాసుకోకుండా దాటడం కుదరదు. ముందు సీట్లో గర్భిణి, వెనక సీట్లో వెన్నునొప్పి ఉన్న పెద్దవాళ్ళు కూర్చునే ఇంట్లో ఈ స్ప్రింగులు వేయకూడదన్నది నా స్థిరమైన అభిప్రాయం.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. స్ప్రింగులు మార్చే ముందు రవాణా శాఖ అధికారినీ, బీమా కంపెనీనీ అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ప్రమాదం జరిగాక బయటపడే మార్పు క్లెయిముకు అడ్డం పడుతుంది.

అమ్మేవాళ్ళకు నా విన్నపం ఇది. నాలుగూ కలిపి ఒక సెట్టుగానే అమ్మండి, ముందు జత ఒకరికీ వెనక జత మరొకరికీ విడదీయకండి. నంబరు కనిపించేలా, లోపలివైపు కనిపించేలా ఫోటోలు పెట్టండి. ఏ ఇంజనున్న కారులోంచి తీశారో చెప్పండి, ఎవరు విప్పారో కూడా చెప్పండి. కొత్త పెయింటు వేయకండి. కొనేవాళ్ళకు ఇంకో మాట: స్ట్రట్ పై నట్టు విప్పేటప్పుడు స్ప్రింగు ఇంకా నొక్కుకునే ఉంటుంది. సరైన స్ప్రింగ్ కంప్రెసర్ లేని చోట, దాన్ని తాళ్ళతో కట్టి విప్పుతామనే చోట బిగించుకోకండి. ఇక మీ దగ్గరున్న స్ప్రింగు మీద లోపలివైపు లోహం దాకా దిగిన గీతో, గోటికి తగిలే తుప్పు గుంటో ఉంటే దాన్ని ఏ ధరకూ అమ్మకండి. ఎవరూ మళ్ళీ బిగించడానికి వీల్లేకుండా మధ్యకు రెండు ముక్కలుగా కోయించి పాత ఇనుము కొట్టుకు వేయండి.